‘గైకొనుట’: తెలుగు క్రైస్తవ వాఙ్మయమునందు ప్రేమయు విధేయతయు

ప్రేమ యనునది హృదయమున తనంత తాను పుట్టవలసినది; ఆజ్ఞ యనునది వెలుపలినుండి వచ్చి మీద పడునది. ఆజ్ఞచే పుట్టిన ప్రేమ ప్రేమ కానేరదనియు, ప్రేమించువానికి ఆజ్ఞతో పనియే లేదనియు లోకమున నొక తలంపు కలదు. క్రైస్తవ మతమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడు విద్యావంతులగు మిత్రులు ఈ యాక్షేపమునే ముందు తెచ్చుచుందురు. యోహాను సువార్త 14వ అధ్యాయమున క్రీస్తు తన మరణమునకు ముందటి రాత్రి శిష్యులతో మాటలాడుచు, తనయెడ ప్రేమకును తన యాజ్ఞల ననుసరించుటకును ఒక్క వాక్యమున ముడి వేసినాడు. ఆ ముడి యెట్టిది? ప్రేమ యున్నచో ఆజ్ఞల ననుసరింపుడను హెచ్చరికయా? ప్రేమ యున్నచోట అనుసరణము తానే యుండునను స్వభావకథనమా? మతాచార్యులు ఈ ప్రశ్నను తమ పద్ధతిని విచారించియున్నారు. ఈ వ్యాసమున దానిని భాషాదృష్టితో విచారింపదలచితిని. ఏలయన, తెలుగువారికి ఈ ముడి తెలుగు మాటలలోనే చేరినది. ఆ మాటలకు క్రైస్తవము రాకమునుపే యిచ్చట నొక జీవితము కలదు. ఆ జీవితము వానిని విడిచి పోలేదు.

తెలుగున బైబిలు ననువదించు యత్నము పదునెనిమిదవ శతాబ్దమున బెంజమిను షుల్‌ట్జ్ అను జర్మను పాదిరి చేతిమీదుగ చెన్నపట్టణమున జరిగినది గాని, ఆ యనువాదము అచ్చునకు రాలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారు జార్జి క్రాను, అగస్టసు డెస్‌గ్రాంజెసు అనువారలు ఆనందరాయరను బ్రాహ్మణుని సాయముతో పని సాగించిరి. తత్ఫలితముగ మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూడును 1812లో శ్రీరామపురమున నచ్చుపడెను. 1818లో శ్రీరామపురమువారి క్రొత్తనిబంధనయు, మరుసటి యేట చెన్నపట్టణమున ప్రిచ్చెట్టుగారి క్రొత్తనిబంధనయు వెలువడినవి. తరువాతి సవరణల చరిత్ర దీర్ఘమైనది. దానితో మనకు ప్రస్తుతము పనిలేదు. ఈ యనువాదకుల యెదుట నిలిచిన కష్టము మాత్రము గమనింపదగినది. వారు తెచ్చినది క్రొత్త కథ. దానిని చెప్పవలసిన భాష శతాబ్దముల భక్తికవిత్వముచే పండియున్న భాష.

ప్రేమార్థకములగు పదములకు తెలుగున కొఱత లేదు. వలపు, కూరిమి, నెనరు, మక్కువ, అనురాగము, మోహము, వాత్సల్యము, భక్తి, స్నేహము. వీనిలో ననేకము ఒక దిక్కునకే ప్రవహించునవి. వాత్సల్యము పెద్దవానినుండి పిన్నవానికి దిగును. భక్తి పిన్నవానినుండి పెద్దవానికి ఎక్కును. స్నేహము సమానుల నడుమ నిలుచును. వలపు స్త్రీపురుషుల సొత్తు. అనువాదకులు ఈ పదములనన్నిటిని ప్రక్కకు నెట్టి ‘ప్రేమ’ యను నొక్క పదమునే దేవుడు మనుష్యునెడ చూపుదానికిని, మనుష్యుడు దేవునియెడ చూపుదానికిని, పొరుగువానియెడ చూపుదానికిని సమానముగ వాడిరి. ఇది సామాన్యమైన నిర్ణయము కాదు. పైనుండి వచ్చునదియు, పైకి పోవునదియు, ప్రక్కకు పోవునదియు ఒక్కటే వస్తువని ఆ పదమువలన తేలినది. ‘భక్తి’ని స్వీకరించియుండినచో తెలుగు చెవికి ఇంపుగానే యుండెడిది, కాని దేవునికి మనుష్యునియెడ భక్తి కలదని చెప్పుట యెట్లు? అనువాదకుల తెలుగును పరిహసించుట మన పండితులకు చిరకాలముగ నలవాటు. ఆ పరిహాసము పెక్కుతావుల న్యాయమే యైనను, ఈ యొక్క పదమున వారి విచక్షణ మెచ్చదగినది.

ఇక యోహాను వాక్యమునకు వత్తము. ఆ వాక్యమునందలి క్రియ విషయమున గ్రీకు వ్రాతప్రతులలోనే భేదము కలదు. వాటికను గ్రంథాలయమునందలి నాల్గవ శతాబ్దపు ప్రతిలో అది భవిష్యద్రూపము. అలెగ్జాండ్రియా ప్రతి మొదలగు పెక్కింటిలో విధిరూపము. ఒక్క యచ్చు మారినంతమాత్రమున రూపము మారును. 1611 నాటి యాంగ్లానువాదము విధిరూపమును గ్రహించి ఆజ్ఞగా చెప్పినది; 1881లో సవరింపబడిన యాంగ్లపాఠము భవిష్యద్రూపమును గ్రహించినది. నేడు మన దేవాలయములందు చదువబడు తెలుగుపాఠము ‘గైకొనుడు’ అనదు, ‘గైకొందురు’ అనుచున్నది.

ఈ ‘గైకొందురు’ అను రూపముకడ వ్యాకరణము తెలిసినవా డొక్కక్షణము నిలువవలెను. ఇది తద్ధర్మార్థకక్రియ. నిప్పు కాల్చును, ఆవు పాలిచ్చును, పెద్దలు క్షమింతురు అనునట్టి వాక్యములలోని క్రియ. ఆ పని యెప్పుడు జరిగినదను చింత దీనికి లేదు. ఆ పని కర్తకు ధర్మమని మాత్రమే యిది చెప్పును. భవిష్యత్తునందును ఈ రూపమును వాడుట కలదు గనుక అనువాదకుల యుద్దేశము భవిష్యత్తే కావచ్చును. అయినను చదువరికి చేరునది ఉద్దేశము కాదు, రూపము. గ్రీకున భవిష్యత్తో విధియో అను వివాదమున్నచోట తెలుగున మూడవదానికి తావు దొరకినది: ప్రేమించువారికి ఆజ్ఞను స్వీకరించుట స్వభావము. కాల్చుట నిప్పునకు విధింపబడిన పని కాదు. కాల్చనిది నిప్పు కాదు. ఇట్టి యర్థము గ్రీకునందు లేదని యనుటకు వీలులేదు. అదే రచయిత పేర నున్న మొదటి పత్రిక 5వ అధ్యాయమున దేవుని ప్రేమించుటయనగా ఆయన యాజ్ఞల ననుసరించుటయే యనియు, ఆ యాజ్ఞలు బరువైనవి కావనియు స్పష్టముగనే చెప్పబడియున్నది. కాని ప్రత్యేకవ్యాఖ్య యవసరము లేకయే ఆ యర్థమును క్రియారూపముననే మోయుట తెలుగునకు లభించిన యదృష్టము.

క్రియారూపమువలెనే ధాతువును చూడదగియున్నది. గ్రీకుపదమునకు కాచుట, భద్రపరచుట యని యర్థము. ఆంగ్లేయులు దానికి సరియగు మాటనే వాడిరి. తెలుగున ‘కాపాడుట’ అనియో, ‘పాటించుట’ అనియో, ‘అనుష్ఠించుట’ అనియో చెప్పియుండవచ్చును. అనువాదకులు ‘గైకొనుట’ అనిరి. కై యనగా చేయి. కైకొనుట చేతిలోనికి తీసికొనుట, అంగీకరించుట. కానుకను గైకొందురు, పూజను గైకొందురు, బిడ్డను గైకొందురు. ఇచ్చువాడొకడు ఎదుట నిలిచియుండును; ఆతని చేతినుండి వీని చేతికి వస్తువు మారును. పాటించుటకు ఎదుట నెవ్వడును ఉండ నక్కఱలేదు. రాతిమీద చెక్కిన శాసనమునైనను పాటింపవచ్చును. గైకొనుట కట్లు వీలుపడదు. ఆజ్ఞను కానుకవలె తీసికొనుట యను భావము తెలుగుపాఠమునకు ఇట్లు చేకూరినది. మూలమునందలి కాపలా యను భావము కొంత పోయినదని నేనెఱుగుదును. పోయినది చిన్నది, వచ్చినది పెద్దది అని నా యభిప్రాయము.

ఇన్ని మంచిమాటలు చెప్పినపిమ్మట ‘విధేయత’ను గూర్చి అట్లే చెప్పుటకు మనసొప్పదు. విధింపదగినవాడు విధేయుడు, అనగా ఒకడు విధించుటకు పాత్రమైన వస్తువు. పదమునందే కర్తృత్వము లేదు. పైగా నూరేండ్లకు మించి ఈ మాట అర్జీల యడుగున నివసించినది. ‘ఇట్లు తమ విధేయుడు’ అని సంతకము చేయువానికి తమ పై అధికారియెడ ప్రేమ యున్నదని యెవ్వరును తలపరు. వ్రాయువాడు మొదలే తలపడు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయమున క్రీస్తు కుమారుడై యుండియు శ్రమలవలన దీనిని నేర్చుకొనెనని చెప్పిన గంభీరమైన తావున ఈ కచేరిమాట వచ్చి కూర్చున్నది.

చిత్రమేమనగా, తెలుగువానికి ఇంట నింతకంటె మేలైన మాట యున్నది. ‘మాట వినుట.’ తల్లి బిడ్డను గూర్చి ‘నా మాట వినడు’ అని చెప్పునప్పుడు చెవిటివాడని యర్థము కాదు. హెబ్రీభాషయందు వినుటకును లోబడుటకును ధాతువొక్కటే. గ్రీకున లోబడుట యను పదము వినుట యను పదమునుండియే పుట్టినది. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయమున ఇశ్రాయేలును మొదట వినుమని పిలిచి, వెంటనే పూర్ణహృదయముతో దేవుని ప్రేమింపుమని చెప్పియున్నది. క్రీస్తు ఆజ్ఞలన్నిటిలో ముఖ్యమైనదిగా నెత్తిచూపినది ఆ తావునే. విని ప్రేమించుట, ప్రేమించి వినుట. ఈ వ్యాసము వ్రాయుచున్న బడంగ్‌పేటయందును, దీనికి పడమటనున్న శంషాబాదు చుట్టుపట్లను పల్లెలు నగరమున కలిసిపోవుచున్నవి. 2008లో విమానాశ్రయము తెఱవబడిన తరువాత ఈ ప్రాంతపు రూపమే మాఱినది. అయినను ఇచ్చటి ముసలివారి నోట ‘చెప్పినట్టు ఇనుడు’ అను పలుకుబడి చెక్కుచెదరలేదు. ఆ పలుకుబడిలో చనువు కలదు, కోపము కలదు. అర్జీ వాసన మాత్రము లేదు. హెబ్రీధాతువునకు అచ్చముగ సరిపోవు ఈ మాట నోటిలో నుండగా, విధేయతను తెచ్చి బోధకుల ప్రసంగములలో నిలుపుట కాలవశమున జరిగిన నష్టము.

నష్టము మాటలతోనే పోలేదు. నిజాము రాజ్యమునందలి తెలంగాణమున ఆజ్ఞ యనగానే జనులకు తోచినది దేశముఖుల గడి. మాదిగవాడు చెప్పులు కుట్టి యూరక ఇయ్యవలెను. చాకలి, కుమ్మరి మొదలుగా గలవారు తమ తమ పనులను కూలి లేక చేయవలెను. మూటలు మోయవలెను, కబురులు చేరవేయవలెను. దీనికి వెట్టి యని పేరు. దొర యెదుట పలుకవలసిన మాట ‘నీ బాంచను దొరా’. బాంచ యనగా దాసి, బానిస. ఈ రాజ్యమున క్రైస్తవమును గైకొన్నవారిలో అధికసంఖ్యాకులు వెట్టి చేసిన కులములవారు. వారి చెవిని ‘ప్రభువు’, ‘దాసుడు’, ‘ఆజ్ఞ’ యను మూడుమాటలును ఒక్కసారి పడినప్పుడు ఏ చిత్రము మనసున లేచియుండును? పరలోకమునందును ఒక గడి కలదనియే తోచియుండునేమో యను శంక న్యాయమైనదే.

ఈ శంకకు సమాధానము అదే రాత్రి చెప్పబడిన మాటలలో, యోహాను 15వ అధ్యాయమున కలదు. క్రీస్తు శిష్యులను ఇక దాసులని పిలువననియు, స్నేహితులని పిలుతుననియు చెప్పి, దానికి కారణము చూపినాడు: యజమానుడు చేయునది దాసునికి తెలియదు, తాను తండ్రివలన విన్నదంతయు వీరికి తెలిపినాడు. వెట్టివాని లక్షణము నింతకంటె తక్కువమాటలలో చెప్పుట కష్టము. మూట మోయువానికి మూటలోనిదేమో తెలియదు. మోయుట యిద్దఱును మోయుదురు. తెలిసి మోయువాడు స్నేహితుడు. అయితే దీనికి ముందటి వాక్యముననే, తాను ఆజ్ఞాపించినవానిని చేసినచో వారు తన స్నేహితులని నియమము పెట్టబడినది. స్నేహమునకు ఆజ్ఞ నియమమగుట లోకమున వినని మాట. ఇక్కడనే పెక్కుమంది బోధకులు తొందరపడి, ఆజ్ఞను మెత్తబఱచియో, స్నేహమును అలంకారమని చెప్పియో జారిపోవుదురు.

మన భక్తిశాస్త్రము తెలిసినవారికి ఈ తావు అంత కఠినము కాదు. భాగవతమున ప్రహ్లాదుని నోట చెప్పబడిన నవవిధభక్తులలో ఏడవది దాస్యము, ఎనిమిదవది సఖ్యము. దాస్యము తరువాత సఖ్యము. సఖ్యమును పొందిన యర్జునుడు కృష్ణుని మాట విననక్కఱలేనివాడు కాలేదు. గీత ముగియునప్పటికి నీవు చెప్పినట్లు చేయుదునని యన్నవాడు సఖుడే. ఆ ప్రహ్లాదుడే తండ్రి యాజ్ఞను మీఱినవాడు. ఎవరి మాట వినవలెను, ఎవరి మాట వినరాదు అనుదానిని ప్రేమయే నిర్ణయించినది. రెండు మతముల సిద్ధాంతము లొక్కటియని నే ననుట లేదు; భేదములు పెక్కు కలవు. తెలుగు చదువరి ఈ తలంపునకు బొత్తిగా క్రొత్తవాడు కాడని మాత్రము చెప్పుచున్నాను.

ఇక కీర్తనలు. తెలుగు క్రైస్తవుల హృదయమున బైబిలు తరువాత, కొందఱి విషయమున దానికి ముందే, పాతుకొన్నది ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. శాఖాభేదములతో వేఱుపడిన సంఘము లీ పుస్తకమున నేకమగుచున్నవి. అందు అగ్రస్థానము పురుషోత్తమ చౌధరిగారిది. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున ఒక బ్రాహ్మణకుటుంబమున జనించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో పరమపదించిరి. రాగతాళములతో, పల్లవి చరణములతో ఆయన రచించిన కీర్తనలు సంకీర్తనసంప్రదాయమునకు చెందినవి. పాశ్చాత్యుల పాటల కనుసరణములు కావు. శరణాగతి, పశ్చాత్తాపము, సిలువయందలి శ్రమలను కన్నులార చూచి కరగుట, ఇవి వాని జీవము. పాడువాడు పాపి, ఆతని చేతులు రిక్తములు, ఆతడు కోరునది కరుణ. ప్రేమ యను మాటకు తెలుగు క్రైస్తవుడు నేడు చెప్పుకొను నర్థములో అధికభాగము చౌధరిగారి రాగములలో రూపొందినదనుట అతిశయోక్తి కాదు.

అయితే ఆరాధనలో అధికముగ పాడబడు ఆయన కీర్తనలను వరుసగ చదివినచో నొక లోటు కానవచ్చును. రక్షింపుమను మొఱ యెంత గాఢముగ నున్నదో, రక్షింపబడినవాడు మఱునాడు ప్రొద్దున లేచి యేమి చేయవలెనను మాట అంత పలుచన. క్రీస్తు చేసినది కలదు. శిష్యుడు చేయవలసినది అరుదు. ఈ లోటు చౌధరిగారిదా? కాదు. ఆయన ‘కులాచార పరీక్ష’ యను గ్రంథమును కూడ రచించిరి. పేరే చెప్పుచున్నట్లు కులాచారమును పరీక్షకు పెట్టిన రచన యది. యజ్ఞోపవీతము ధరించి పుట్టి దానిని విడిచిన మనుష్యుడు కులమును గూర్చి వ్రాయుట యన నేమి? ఆయన గైకొన్న యాజ్ఞ యదియే. దాని వెల బంధువులు, ఊరు, పరువు. కీర్తనలలో మొఱపెట్టిన హృదయమే ఈ గ్రంథమున పని చెప్పుచున్నది. రెండును ఒక్క చేతివ్రాతయే.

సంఘము ఈ రెంటిలో నొకదానిని కంఠస్థము చేసి, రెండవదానిని మఱచినది. కీర్తనలు పెండ్లిలో, చావులో, ప్రతి యాదివారమున మ్రోగుచున్నవి. కులాచార పరీక్ష పేరెఱిగినవారు పరిశోధకులలో తప్ప కానరారు. పాటకు వచనమునకంటె ఆయువెక్కువయని సమాధానము చెప్పవచ్చును. అది కొంతవఱకు నిజము. కాని ఏది మఱవబడెనో చూడుడు. కులమును విడుమను పుస్తకము మఱవబడినది. ఆ పుస్తకము మఱవబడిన సంఘములలోనే కులము చూచి పిల్లనిచ్చుట నేటికిని సాగుచున్నది. ఇది కేవలము పాటకును వచనమునకును గల ఆయుర్భేదమని నేను నమ్మజాలను.

ఈ సందర్భమున ఆర్. ఆర్. సుందరరావుగారు తెలుగు కీర్తనగ్రంథమునందలి భక్తితత్త్వమును గూర్చి ఆంగ్లమున రచించి 1983లో ప్రకటించిన గ్రంథమును స్మరింపవలెను. ఈ కీర్తనలను పాశ్చాత్య వేదాంతమునకు తెలుగుముసుగుగా చూచువారికి అది తగిన ప్రత్యుత్తరము. వానికిని దేశీయ భక్తిసంప్రదాయమునకును గల చుట్టరికమును పరిశోధనపూర్వకముగ విచారించినది. వారి దారినే నేనును నడచుచున్నాను. అయినను భక్తి యను మాటలో శరణాగతిని మాత్రమే చూచి, సేవను రెండవవరుసకు త్రోయు పఠనపద్ధతి యొకటి మనలో పెరిగినది. దాని యెడ నాకు సమ్మతి లేదు. నవవిధభక్తులలోనే దాస్యమున్నదని పైన చెప్పితిని. జాషువ కవిగారి ‘క్రీస్తుచరిత్ర’ (1958) నిచ్చట విచారింపకుండుటకు కారణమొక్కటే: అది చదువుటకు పుట్టిన కావ్యము, ఆరాధనలో పాడుటకు పుట్టినది కాదు.

ప్రేమను పాడి ఆజ్ఞను మఱచుట ఒక దోషము. ఆజ్ఞను పట్టి ప్రేమను మఱచుట రెండవది. దానికి సాక్ష్యము దోర్నకల్లు చరిత్రమున కలదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తమిళులు. 1874లో తిరునెల్వేలి సీమయందు జన్మించిరి. అచ్చటి క్రైస్తవులు స్వదేశీయుల ధనముతో, స్వదేశీయులగు బోధకులతో నడుపుటకై 1903లో స్థాపించిన మిషనరీసంఘమునకు ఆయన ముఖ్యస్థాపకులలో నొకరు. ఆ సంఘము తరఫున 1909లో నిజాము రాజ్యమునందలి దోర్నకల్లు చేరి, తెలుగు నేర్చి, తెలుగువారి నడుమ జీవితమును గడపిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవిని పొందిన మొదటి భారతీయులు వారే. 1945 జనవరి 1న దివంగతులైరి.

ఈ పదవికి రెండేండ్లు ముందుగా, 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాటలాడిరి. సుమారు పన్నెండువందల ప్రతినిధులలో ఆసియావారు వ్రేళ్ల లెక్కింపదగినంతమందియే. పాశ్చాత్య మిషనరీలకును దేశీయ పనివారలకును నడుమ నున్న సంబంధము యజమానునికిని సేవకునికిని గల సంబంధమువలె నుండుటను ఆయన వారి యెదుటనే విప్పిచెప్పిరి. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయమును చేతబట్టి, మీరు ఆస్తిని పేదలకు పెట్టితిరి, శరీరములను సమర్పించితిరి, మేము ప్రేమను కూడ నడుగుచున్నాము, మాకు స్నేహితులను దయచేయుడు అను భావమున ముగించిరి. సభలో కొందఱికి కోపము వచ్చినది. విమర్శదృష్టితో చూచినచో ఈ ప్రసంగము యోహాను 15వ అధ్యాయమునకు జీవముగల వ్యాఖ్య. దాసులని పిలువను, స్నేహితులని పిలుతునని గురువు చెప్పిన మాట శిష్యులచే నెరవేర్పబడలేదని ఆయన ఫిర్యాదు. ఆజ్ఞలు వచ్చుచున్నవి, ఆజ్ఞ యిచ్చువాడు ప్రక్కన కూర్చుండి భుజింపడు. గైకొనుటకు ఎదుట చేయి లేదు.

ఇంతటితో నిలిచియుండినచో అజరయ్యగారు మంచి వక్తగా మాత్రమే మిగిలియుందురు. స్నేహమును కోరినవాడు బిషప్పై తన ప్రజనుండి ఆజ్ఞానుసరణమును అంతకంటె గట్టిగ కోరెను. త్రాగుడు మానవలెను; గ్రామదేవతలకు బలులు మానవలెను; మాలవారును మాదిగవారును ఒక్కచోట ఆరాధింపవలెను, ఒక్క పాత్రనుండి ప్రభుభోజనమును తీసికొనవలెను. ఈ చివరిదానికై ఆయన జీవితాంతము పోరాడవలసివచ్చెను. ఇంటి యిల్లాలు వంటకు బియ్యము కొలుచునప్పుడు పిడికెడు తీసి దేవుని పేర వేఱుగ నుంచు పద్ధతిని ఆయన ప్రోత్సహించి, దాతృత్వమును గూర్చి పుస్తకము కూడ వ్రాసిరి. కూలి లేక గడికి పనిచేసిన యింట ఈ పిడికెడు బియ్యము చిన్నవస్తువు కాదు. వెట్టిలో తీసికొనబడినదానిని లెక్కింప శక్యము కాదు. ఇచ్చట ఇచ్చునది పిడికెడు, ఇచ్చుచేయి తనది.

బాప్తిస్మము పొందినవారు తమ తలమీద తమ చేయి యుంచుకొని, సువార్తను ప్రకటింపనిచో తమకు శ్రమ యని పౌలు చెప్పిన మాటను పలుకునట్లు ఆయన చేయించుచుండిరని ఆయన చరిత్ర చెప్పుచున్నది. తలమీద చేయి యుంచుట మనదేశపు ఒట్టు. తెలుగున ‘ఆన’ యను మాటకు ఆజ్ఞ యనియు ఒట్టు అనియు రెండర్థములు కలవు. ఆజ్ఞాశబ్దము ప్రాకృతమార్గమున వచ్చి ఆన యైనది. ఆజ్ఞ పైనుండి వచ్చును. ఒట్టు ప్రియమైనవారిమీద పెట్టుదురు. ‘నా యాన’ అని తల్లి యనునప్పుడు అది ఆజ్ఞయా, వేడికోలా? నిఘంటుకారులు రెండుగా విడదీసిన యర్థములు ఆ నోట నొక్కటే. అజరయ్యగారు ఈ శబ్దవిచారము చేసియుందురని నే ననను. తెలుగుపల్లెల నడుమ నుండుటచే వారి చేతికి అది దొరకినది. ఆజ్ఞకు విధేయతయను పర్యాయమును వెదకిన యనువాదకులకు దొరకనిది తలమీది చేతిలో దొరకినది.

ప్రేమయు నాజ్ఞయు విడిపోయినప్పుడు నేమగునో సువార్తలలో రెండు కథలు చూపుచున్నవి. మత్తయి 21వ అధ్యాయమున తండ్రి ద్రాక్షతోటకు పొమ్మనగా ఒక కుమారుడు మర్యాదగా సరేయని పోలేదు. వేఱొకడు పోనని తిరుగబడి, పిదప మనసు మార్చుకొని పోయెను. లూకా 15వ అధ్యాయమున పెద్దకుమారుడు తండ్రి యాజ్ఞను ఎన్నడును మీఱలేదని తానే చెప్పుకొనెను; చెప్పుకొన్నప్పుడు ఇంటి వెలుపల నిలిచియుండెను. తాను దాసునివలె సేవచేసితినని ఆతడు తండ్రితో ననుట గమనింపుడు. కుమారుడు తనయింట తానే వెట్టివాడై పోయినాడు. తమ్ముడు ఇల్లు విడిచిపోయిన కథయే లోకమున ప్రసిద్ధికెక్కినది. అన్న ఇంటనే యుండి విడిచిపోయినాడు. కీర్తనకారులు తమ్మునిపై చూపిన మక్కువలో పదవవంతైనను అన్నపై చూపలేదు. సంఘమున పాడువారిలో అన్నలే యెక్కువ యని నా యనుమానము.

యోహాను సువార్త చివరి యధ్యాయమున, తెల్లవారుజామున సముద్రతీరమున, మూడుమార్లు తన్నెఱుగనన్న పేతురును క్రీస్తు మూడుమార్లు ఒకే ప్రశ్న నడిగినాడు: ప్రేమించుచున్నావా యని. ఏల తప్పించితివని యడుగలేదు. ఇకమీద తప్పింపవుగదా యని మాట తీసికొనలేదు. పేతురు ఔనన్న ప్రతిసారియు ఆ ప్రేమకు పొగడ్త రాలేదు, పని వచ్చినది: గొఱ్ఱెలను మేపుమని. గొఱ్ఱెలను మేపుట యెట్టి పనియో ఈ ప్రాంతపు గొల్లకురుమల నడిగిన చెప్పుదురు. ఎండకును వానకును వెలుపలనే బ్రదుకు. ఆ పిమ్మట ముసలితనమున ఇష్టములేని చోటికి ఇతరులు నిన్ను కొనిపోవుదురని చెప్పి, తన్ను వెంబడింపుమనెను. పేతురు అప్పటికిని వెనుదిరిగి, మఱియొక శిష్యుని చూచి, అతని సంగతి యేమని యడిగెను. అది నీకేల యని సమాధానము వచ్చినది. ‘వెంబడించుట’కు మన తెలుగున వెనుక నడచుటయనియు, విడువక తఱుముటయనియు రెండర్థములున్నవి. ముందు నడచువాడు వెనుదిరిగి చూచినప్పుడెల్ల పేతురు మొదటిదానిని చేయుచుండెనో, రెండవదానిని చేయుచుండెనో ఆ సువార్తలో వ్రాయబడలేదు.